పని నడుమ విడిచిన లారీ డ్రైవరుకు మరల కొలువు



లారీ నడుపు యువకుడు ఒక్కడైనను లేని ఊరు నేడు మనలో అరుదు. ఐనను వీరిలో పెక్కుమందికి కొలువు ఏకధారగా సాగదు. తండ్రికి జబ్బు చేసినదని ఒకడు ఇంటికి వచ్చును. నాట్లకని, కోతలకని వచ్చి వేరొకడు నెలల తరబడి నిలిచిపోవును. ఇంకొకడు కువైటునకో దుబాయికో పోయి నాలుగైదేండ్లకు తిరిగి వచ్చును. వీరు మరల స్టీరింగు పట్టవలెనని పట్టణమునకు పోయినప్పుడు యజమాని అడుగు మొదటి ప్రశ్న, “ఇన్నాళ్లు ఎక్కడ ఉంటివి?” అనునదే. ఈ ప్రశ్నకు తడబడి, పని వచ్చినవారు సైతము ఉత్తచేతులతో వెనుదిరుగుచున్నారు. నేను ఒక సరకు రవాణా ఆఫీసులో చాల ఏండ్లుగా డ్రైవర్లను కుదుర్చుకొనుచున్నవాడను. మేము ఏమి చూతుమో, దేనికి జంకుదుమో మీకు విన్నవించినచో, మీ పిల్లలకు మీరు దారి చూపగలరని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

పెద్ద లారీ వెల లక్షలలో ఉండును. అది చాలవరకు వాయిదాల మీద కొన్నది. అందులోని సరకు పరులది. ఇంత సొత్తును ఒక మనిషి చేతికిచ్చి, వందలాది మైళ్లు కంటికి కనబడని దూరమునకు పంపవలెను. దారిలో ఎదురగు ప్రజల ప్రాణములు కూడ అతని చేతిలోనివే. కావున కొలువులో ఖాళీ ఉన్నదని మేము భయపడము. ఆ ఖాళీలో ఏమి జరిగినదో తెలియనప్పుడు భయపడుదుము. డీజిలు అమ్ముకొని పట్టుబడెనేమో, త్రాగుడు వలన తీసివేసిరేమో, లైసెన్సు సస్పెండు అయ్యెనేమో అని అనుమానములు పుట్టును. ఈ అనుమానములకు ముందుగనే జవాబు చెప్పగలవానికి పని దొరకుట కష్టము కాదు.

అన్నిటికంటె ముందు చూచుకొనవలసినది లైసెన్సు. 2019లో మోటారు వాహనముల చట్టము సవరింపబడినది. దాని ప్రకారము రవాణా వాహనముల లైసెన్సు ఐదేండ్లకొకసారి మార్పించుకొనవలెను. దానికి డాక్టరు సర్టిఫికెట్టు కావలెను. గడువు తీరిన తరువాత ముప్పది దినముల వరకు చెల్లునను పాత వెసులుబాటు ఆ సవరణతో పోయినది. గడువు తీరి ఏడాది దాటినచో మరల డ్రైవింగు పరీక్షకు నిలువవలెను. గల్ఫు నుండి వచ్చిన పిల్లలు ఎక్కువగా చిక్కుపడునది ఇక్కడనే. అక్కడ ఎన్ని ఏండ్లు పెద్ద బండ్లు నడిపినను, ఇక్కడి లైసెన్సు గడువు తీరియున్నచో మేము తాళము ఇయ్యజాలము. లైసెన్సు లేనివాడు నడుపగా ప్రమాదము జరిగినయెడల నష్టపరిహారపు భారమును భీమా కంపెనీ యజమాని నెత్తిన వేయవచ్చును. లైసెన్సు సంఖ్యను, పుట్టిన తేదీని ఇచ్చినచో, అది నిజమైనదో కాదో ప్రభుత్వపు ‘సారథి’ కంప్యూటరు పట్టీలో నిమిషములో తెలియును. కావున దొంగ లైసెన్సు కొన్నవాడు డబ్బును, పరువును రెండింటిని పోగొట్టుకొనును.

ఇక ఖాళీని గురించి చెప్పు విధము. ఏ నెలలో పని విడిచెను, ఎందుకు విడిచెను, ఏ నెల నుండి సిద్ధముగా నున్నాడు అను మూడు సంగతులు చెప్పిన చాలును. తండ్రి జబ్బు ఐనచో ఆసుపత్రి చీటీ, విదేశమైనచో పాస్‌పోర్టులోని ముద్రలు చూపవచ్చును. సేద్యమైనచో దాచవలసిన పనియే లేదు; మాలో చాలమంది రైతుబిడ్డలమే. ప్రమాదము జరిగి కేసు నడచినచో అదియు చెప్పవలెను. కొట్టివేయబడినచో తీర్పు నకలు వెంట తెచ్చుకొనవలెను. తరచుగా యజమానులను మార్చినవాడు పాత యజమానిని తిట్టుట మొదలు పెట్టరాదు. బత్తా సరిగా ఇయ్యలేదనియో, బండి మరమ్మతు చేయించలేదనియో ఒక్క మాటతో చెప్పి ఊరకుండుట మేలు. తిట్టువానిని చూచి, రేపు మమ్మును గూడ ఇట్లే తిట్టునని తలంతుము. ఖాళీని కప్పిపుచ్చుటకు దొంగ అనుభవ పత్రము తెచ్చుట అన్నిటికంటె చెడ్డది. మేము ఆ యజమానికి ఫోను చేయుదుము. ఖాళీని క్షమించువారు కలరు గాని అబద్ధమును క్షమించువారు లేరు.

పని విడిచిన కాలములో బండ్లు మారినవను సంగతి కూడ గుర్తుంచుకొనవలెను. 2020 ఏప్రిల్ 1 నుండి అమ్మబడు కొత్త లారీలు బి.ఎస్. 6 తరగతివి. వానిలో చాలవాటికి డీజిలుతో బాటు ‘ఆడ్ బ్లూ’ అను యూరియా ద్రవము వేరొక ట్యాంకులో పోయవలెను. దానిని మరచినచో ఇంజను బలము తగ్గును. పొరపాటున డీజిలు ట్యాంకులో పోసినచో పెద్ద ఖర్చు తగులును. 2021 ఫిబ్రవరి నుండి టోలు గేట్ల వద్ద ఫాస్టాగు తప్పనిసరి యైనది. అంతకుముందే పని మానినవాడు ఇవన్నియు తెలిసిన డ్రైవరు వెంట నాలుగు ట్రిప్పులు తిరిగి నేర్చుకొని వచ్చినచో, “వీడు సిద్ధపడి వచ్చినాడు” అని మాకు తోచును. బండి నడిపించి చూచునప్పుడు వేగము మాకు అక్కరలేదు. ఎక్కుటకు ముందు టైర్లు, నూనె, నీళ్లు చూచెనా, బ్రేకు గాలి నిండువరకు ఆగెనా, వెనుకకు తీయునప్పుడు దిగి చూచెనా అనునవే గమనింతుము.

పెద్ద లారీ వెంటనే దొరకనిచో చిన్న మెట్టు నుండి ఎక్కవచ్చును. మొత్తము బరువు 7,500 కిలోలకు మించని సరకు బండిని తేలికపాటి వాహనముల లైసెన్సుతోనే నడుపవచ్చునని సుప్రీంకోర్టు 2024 నవంబరులో మరల స్థిరపరచినది. దూరపు దారులలో రెండవ డ్రైవరుగ చేరవచ్చును. పంట కాలములో ధాన్యము మిల్లులకు, ప్రత్తి జిన్నింగు మిల్లులకు తోలునప్పుడు మనుషులకు కొరత యుండును. ఆ సమయమున పాత సంగతులు ఎక్కువగా అడుగరు. ఆరు నెలలు ఒక్కచోట నిలిచి, జీతమును బ్యాంకు ఖాతాలో వేయించుకొని, విడుచునప్పుడు తేదీలతో ఒక ఉత్తరము తీసికొన్నచో పాత ఖాళీ వెనుకబడిపోవును. క్రొత్తగా ఈ పనికి రాగోరువారికి ఇరువదియేండ్లు నిండవలెను. తేలిక వాహనపు లైసెన్సు పొంది ఏడాది గడువవలెను. ఎనిమిదవ తరగతి ప్యాసు కావలెనను నియమము 2019లోనే ఎత్తివేయబడినది.

చివరగా మీ వంతు పనిని గురించి ఒక మనవి. ఊరి పెద్దల వద్ద నుండి మాకు ఉత్తరములు వచ్చుచుండును. “ఇతడు చాల మంచివాడు” అని మాత్రము వ్రాసిన ఉత్తరము మాకు ఉపయోగపడదు. అందరును అట్లే వ్రాయుదురు. అతనిని ఎన్నేండ్లుగా ఎరుగుదురు, ఏ నెల నుండి ఏ నెల వరకు ఊరిలో నుండెను, ఏమి పని చేయుచుండెను, మీరు కన్నులార చూచినదేమి అని నాలుగు పంక్తులు వ్రాసి, మీ ఫోను నంబరు వేయుడు. త్రాగుడు మానినవానిని గురించి, మానెనని విన్నచో వ్రాయకుడు. ఇన్ని నెలలుగా త్రాగగా చూడలేదని మీరెరిగినచో వ్రాయుడు. తెలియనిదానికి పూచీపడకుడు. నిజమైన ఉత్తరము ఒక కుటుంబమునకు అన్నము పెట్టును. అబద్ధపు ఉత్తరము వలన రోడ్డు మీద ఎవరి ప్రాణమైనను పోవచ్చును. ఆ ఊరి నుండి తరువాత వచ్చు పిల్లలందరి మాటకును విలువ తగ్గును. మీరు తూచి చెప్పిన మాటను మా బల్ల వద్ద ఇప్పటికిని గౌరవించుచున్నారు. సెలవు.