గాలికి కూడా తాళం వేద్దాం

నిజాంపేటలో ఒక కుట్టు దుకాణం ఉందనుకుందాం. అక్కడ అయిదుగురు ఆడవాళ్లు పని చేస్తారు. కొలతలు, లెక్కలు, డబ్బు చెల్లింపులు అన్నీ ఫోన్లోనే. దుకాణంలో వైఫై ఉంది. దాని పాస్‌వర్డ్ గోడ మీద రాసి ఉంది.

"అక్కా, వైఫై పాస్‌వర్డ్ ఏంది?"

"గోడ మీద ఉంది, చూసుకో తల్లీ."

ఇందులో తప్పేముంది? చూద్దాం.

వైఫై అంటే ఏమిటి?

ఇంటర్నెట్ పెట్టెను రూటర్ అంటారు. ఫోనుకూ ఆ పెట్టెకూ మధ్య తీగ ఉండదు. మాటలు, బొమ్మలు, లెక్కలు గాలిలోనే పోతాయి, గాలిలోనే వస్తాయి. పక్కింట్లో పోపు వేస్తే మనకు వాసన వస్తుంది. గోడ ఆపదు. వైఫై కూడా అంతే. మెట్ల మీదికి పోతుంది. వీధిలోకి పోతుంది.

ఇతరులు వాడితే మనకేం?

2008 జులై 26న అహ్మదాబాద్‌లో బాంబులు పేలాయి. యాభై మందికి పైగా చనిపోయారు. పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు టీవీ వాళ్లకు ఒక ఈమెయిల్ వచ్చింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో పోలీసులు వెతికారు. నవీ ముంబయిలో ఒక ఇంటి వైఫై అని తేలింది. ఆ ఇంటాయన దాన్ని పంపలేదు. ఆయన వైఫైకి సరైన తాళం లేదు. వేరేవాళ్లు వాడుకున్నారు. అయినా పోలీసులు ముందు వెళ్లింది ఆయన దగ్గరికే.

కనెక్షను ఎవరి పేర ఉంటే ముందు వాళ్లనే అడుగుతారు.

గాలికి తాళం ఎలా?

పోస్టుకార్డును దారిలో ఎవరైనా చదవొచ్చు. అదే మనిద్దరికే తెలిసిన గుర్తులతో రాస్తే? చూసినవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. రూటర్ కూడా ఇలాగే మాటలను మార్చి పంపుతుంది. దీన్ని ఎన్‌క్రిప్షన్ అంటారు.

1997లో వచ్చిన పాత తాళం పేరు వెప్. 2001లోనే దాన్ని విప్పే దారి బయటపడింది. ఇప్పుడు డబ్ల్యూపీఏ2 ఉండాలి. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఇంకా గట్టిది.

ఫోన్లో బ్యాంకుకు వేరే తాళం ఉంటుంది, నిజమే. కానీ బీరువాకు తాళం ఉందని వీధి తలుపు తెరిచి పెట్టుకోం కదా!

పెద్ద ఆఫీసుల్లో ఏం చేస్తారు?

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. నిజాంపేట నుంచి ఎందరో అటువైపు పనికి పోతారు. అలాంటి పెద్ద ఆఫీసుల్లో సాధారణంగా అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇవ్వరు. ఎవరి తాళంచెవి వారిదే. ఒకరు పని మానేస్తే ఆ ఒక్క చెవినే రద్దు చేస్తారు. మన సంతకం ఇంకొకరిని పెట్టనివ్వం. ఇదీ అంతే.

మన దుకాణంలో ఏం చేద్దాం?

1. కనెక్షను పెట్టే అబ్బాయిని అడగాలి: "బాబూ, డబ్ల్యూపీఏ2 పెట్టినవా, డబ్ల్యూపీఏ3 పెట్టినవా?"

2. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి. సంబంధం లేని నాలుగు మాటలు కలపాలి. పిల్లల పేరు, ఫోను నంబరు వద్దు.

3. రూటర్‌ను మార్చడానికి వేరే పాస్‌వర్డ్ ఉంటుంది. కొన్నప్పటిది అలాగే ఉంచొద్దు. దాన్నీ మార్చాలి.

4. వచ్చిపోయేవారికి వేరే వైఫై పెట్టించాలి. చాలా రూటర్లలో ఆ వీలు ఉంది.

5. ఎవరైనా పని మానేస్తే పాస్‌వర్డ్ మార్చాలి. ఇది అనుమానం కాదు, జాగ్రత్త.

6. గోడ మీది కాగితం ఈ రోజే తీసేయాలి.

ఫోన్లో డబ్బు మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అందరి చేతిలో చెవి ఉంటే అది తాళం కాదు.

ఆలోచించండి, చెప్పండి

మీరు పని చేసే చోట వైఫై ఎవరి పేర ఉంది?

దాని పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు?

చివరిసారి ఎప్పుడు మార్చారు?