ఎవరి రహస్యము?

అనంతపురం మెట్టసీమలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా అదనుకు పడితే వేరుశనగ పండుతుంది. పడని ఏట సేద్యగాడు ఇంటికి తాళం వేసి బెంగుళూరికో, మరొక పట్టణానికో కూలికి పోతాడు. వలస పోయినవాడు కూలిడబ్బుతో పాటు ఒక్కొక్కప్పుడు వ్యాధినీ వెంట తెస్తాడు. ఎవరి వలన ఎవరికి సోకినదన్న విచారణ వైద్యుని పని కాదు. అయినా ఆ ప్రశ్న ఆసుపత్రి గుమ్మం వద్దనే కాచుకొని ఉంటుంది.

1969లో ఈ సీమకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, 2000లో బత్తలపల్లిలో ఆసుపత్రి తెరిచినది. హెచ్.ఐ.వి. రోగుల చికిత్సకు అది పేరు పొందినది. (2022లో బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. కరవుకు జిల్లా సరిహద్దులతో పని లేదు గదా!)

ఇట్టి ఆసుపత్రులలో ఎదురయ్యే చిక్కు ఒకటి ఉన్నది. ఒక భర్తకు వ్యాధి ఉన్నట్లు పరీక్షలో తేలినదనుకొందాము. భార్య బయట వేపచెట్టు నీడన కూర్చుని ఉన్నది. “మా ఇంట్లోవాళ్ళకు చెప్పద్దక్కా” అని అతడు నర్సును బ్రతిమాలుతాడు. చెప్పకుంటే ఆ ఇల్లాలి ప్రాణానికి ముప్పు. చెబితే అతడు మరల ఆ గడప త్రొక్కడు, మందు మానివేస్తాడు, అతని గతి విన్న మరి పదిమంది పరీక్షకే రారు. నర్సుదీ ఆ చుట్టుప్రక్కల పల్లెయే కావచ్చు. వచ్చే సంతలో ఆ ఇల్లాలు ఎదురుపడి, “మా ఆయనకు జబ్బేమిటక్కా?” అని అడిగితే?

1998లో సుప్రీంకోర్టు, రోగి రహస్యం కాపాడవలసినదే గాని, మరొకరి ప్రాణం అపాయంలో ఉన్నప్పుడు ఆ నియమానికి మినహాయింపు ఉన్నదని తీర్పు చెప్పినది. 2017లో చేసిన హెచ్.ఐ.వి. చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారం జీవిత భాగస్వామికి చెప్పగలవారు వైద్యుడు, కౌన్సిలరు మాత్రమే. అదీ రోగికి నచ్చజెప్పి చూచి, అతడు తానై చెప్పడని నిశ్చయించుకొని, తాము చెప్పబోతున్నామని అతనికి ముందుగా తెలిపిన తరువాతనే. నర్సుకు ఆ అధికారం లేదు. సంతలో ఆమె మౌనమే వహించాలి.

ఇల్లాలికే ముందుగా వ్యాధి బయటపడితే కథ మరింత కఠినము. గర్భిణులకు పరీక్ష జరుగుతుంది గనుక తరచు ఆమె సంగతే ముందు తెలుస్తుంది. తెచ్చిపెట్టినదన్న నిందయూ ఆమె నెత్తినే పడుతుంది. కొట్టుటో, వెళ్ళగొట్టుటో జరుగునన్న సహేతుకమైన భయముంటే భర్తకు చెప్పరాదని చట్టమే అంటున్నది. మంచి మాటయే. కాని భయం సహేతుకమా కాదా అన్నది, వెలుపల వరుస కట్టిన జనం సణుగుతుండగా, ఆ కాస్త వ్యవధిలో తేల్చవలసినవాడు వైద్యుడే. తప్పు తూచితే ఆమెకు ఇల్లే పోవచ్చు.

ఇప్పుడు మందులు కొంత ఊరట ఇచ్చినవి. 2004 నుండి ప్రభుత్వం వాటిని ఉచితంగా అందిస్తున్నది. క్రమం తప్పక వాడి, రక్తంలో క్రిమి కనపడని స్థితిని నిలుపుకొన్నవారి నుండి దాంపత్యం ద్వారా వ్యాధి సోకదు. కాని ఆ స్థితికి నెలలు పడుతుంది. ఆ నెలల భారం ఎవరు మోయాలి?

ఈ చిక్కు బడి దాకా కూడా వస్తుంది. ఒక పిల్లవాడు రోజూ వేళకు మాత్ర వేసుకొంటుంటే ఉపాధ్యాయునికి ఆరాటం కలుగుట సహజము. వ్యాధి పేరు చెప్పి చదువు నిరాకరించరాదని ఆ చట్టమే శాసించినది. అయినా, మేలు కోరి అడిగే పంతులుగారికి సైతం నర్సు చెప్పగలది ఇంతే: “వేళ తప్పనీయకండి సార్. కాసిన్ని నీళ్ళివ్వండి.”