ఇన్యుయిట్‌ల వేసవి నివాసం: టుపిక్

ఆర్కిటిక్ ప్రజల ఇల్లు అనగానే మీకు ఇగ్లూ గుర్తుకు వస్తుంది. అయితే పాఠశాల పుస్తకాలలో ఎస్కిమోలుగా మీరు చదివిన ఇన్యుయిట్‌లు ఏడాది పొడవునా మంచు ఇళ్లలో ఉండేవారు కాదు. ఇగ్లూ ముఖ్యంగా కెనడా ఆర్కిటిక్ మధ్యభాగపు శీతాకాల నివాసం. వసంతంలో అది కరగడం మొదలుకాగానే కుటుంబాలు చర్మపు గుడారాలలోకి మారేవి. ఈ గుడారమే టుపిక్.

నిర్మాణం

చెట్లు పెరగని ఆ నేలలో కలప అరుదు. సముద్రం ఒడ్డుకు చేర్చిన దుంగలే గుడారపు కర్రలకు ఆధారం. అవి దొరకని చోట ఎముకలను, కొమ్ములను జతచేసి కట్టేవారు. పైకప్పుకు సీల్ చర్మం గాని, కారిబూ అనే జింక చర్మం గాని వాడేవారు. స్త్రీలు చర్మాలను గీకి, ఆరబెట్టి, జంతువుల నరాలతో చేసిన దారంతో కుట్టేవారు. గాలికి ఎగిరిపోకుండా గుడారం అంచులపై చుట్టూ బరువైన రాళ్లు పెట్టేవారు. లోపల వెనుక భాగం పడకకు కేటాయించేవారు.

నివాసం, జీవనాధారం

ఇల్లు మారడానికి వాతావరణం ఒక్కటే కారణమా? కాదు. శీతాకాలంలో సీల్‌లు ఊపిరి తీసుకునే మంచు రంధ్రాల వద్ద కాపుకాసి వేటాడాలి. ఒక్కో సీల్ అనేక రంధ్రాలను వాడుతుంది కనుక ఎక్కువమంది వేటగాళ్లు కావాలి. అందువల్ల కుటుంబాలు ఒకచోట చేరేవి. వేసవిలో కారిబూలు, చేపలు, పక్షులు, అడవిపండ్లు విశాలమైన నేలలో చెదిరి ఉంటాయి. కుటుంబాలు కూడా విడివడి వాటి వెంట సాగేవి. మడిచి మోసుకెళ్లగల గుడారం ఈ జీవనానికి తగినది. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మాస్ ఈ ఋతుభేదాన్ని విశ్లేషించి, ఒకే సమాజం చలికాలంలో సామూహిక జీవితాన్ని, వేసవిలో కుటుంబ జీవితాన్ని గడుపుతుందని వివరించాడు.

గుడారం, భూమి హక్కు

గుడారం ఎత్తివేశాక మిగిలేది రాళ్ల వలయం మాత్రమే. బయటివారికి ఆ నేల నిర్జనంగా కనిపించవచ్చు. పురావస్తు శాస్త్రజ్ఞులకు మాత్రం ఆ వలయాలు మానవ నివాసానికి సాక్ష్యాలు. 1950, 60 దశకాలలో కెనడా ఇన్యుయిట్‌లలో అధికులు స్థిర గ్రామాలకు చేరారు. ఆ తరువాత వారు తాము వేటాడిన, విడిది చేసిన చోట్లను జ్ఞాపకం నుంచి పటాలలో నమోదు చేయించారు. 1976లో వెలువడిన ఆ అధ్యయనం భూమి హక్కుల చర్చలకు ఆధారమైంది. ఆ చర్చల ఫలితంగా 1999 ఏప్రిల్ 1న నునావుట్ ప్రత్యేక భూభాగంగా ఏర్పడింది. స్థిరమైన ఇల్లు లేనంత మాత్రాన ఆ నేలతో సంబంధం లేదని భావించరాదని దీనివల్ల మీరు గ్రహించవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. టుపిక్ నిర్మాణానికి వాడే వస్తువులను పేర్కొనండి.
2. ఇన్యుయిట్‌ల నివాసాలు ఋతువును బట్టి మారడానికి గల ఆర్థిక కారణాలను వివరించండి.