బడిలో స్మార్ట్ టీవీ ఉంది సరే.. పాఠం మధ్యలో దాన్ని ఎవరైనా ఆపుతున్నారా?

మీ ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే వాళ్ల సైన్స్ పుస్తకం ఒకసారి తెరవండి. ప్రభుత్వం ముద్రించిన పుస్తకమైతే పాఠం మొదట్లోనో పక్కనో ఒక క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. కింద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన చిన్న కోడ్ ఉంటుంది. కిరాణా కొట్లో డబ్బులు కట్టడానికి రోజూ స్కాన్ చేస్తుంటాం కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ డబ్బులు పోవు, పాఠం వస్తుంది.

ఆ పాఠం వెనక ప్రజల సొమ్ము ఉంది. బడి గోడకు బిగించిన తెర వెనకా ఉంది. అవి మీ పిల్లలకు ఎంతవరకు ఉపయోగపడుతున్నాయో తెలుసుకోవాలంటే ముందు ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూడాలి.

క్యూఆర్ కోడ్ వెనక ఏముంది?

కోడ్‌ను స్కాన్ చేస్తే కేంద్ర ప్రభుత్వ 'దీక్షా' వేదికలో ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, సాధన ప్రశ్నలు తెరుచుకుంటాయి. 2017 సెప్టెంబర్ 5న, ఉపాధ్యాయ దినోత్సవం రోజు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు దీన్ని ప్రారంభించారు. మొదట ఇది టీచర్ల కోసమే. తర్వాత రాష్ట్రాల పాఠ్యపుస్తకాలతో ముడిపడి పిల్లల దాకా వచ్చింది.

పుస్తకం పాతదైపోయి కోడ్ స్కాన్ కాకపోతే కింద ఉన్న ఆరు అక్షరాలు టైప్ చేసినా చాలు. లాగిన్ కాకుండా అతిథిగానూ చూడొచ్చు. యాప్‌లో వీడియోను డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత ఇంటర్నెట్ లేకపోయినా ఆడుతుంది. యాప్ లొకేషన్ అనుమతి అడిగితే ఇవ్వకండి, పాఠం చూడటానికి అది అక్కర్లేదు. ఈ యాప్ పిల్లల లొకేషన్ వివరాలు సేకరించగలదని 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక అభ్యంతరం చెప్పింది కూడా.

వీడియోలన్నీ ఒకే స్థాయిలో ఉండవన్నది నిజం. కొన్నింటిలో మంచి యానిమేషన్ ఉంటుంది. కొన్నింటిలో ఒక టీచర్ బోర్డు ముందు నిలబడి పుస్తకంలో ఉన్నదే చదువుతారు. రెండో రకం చూడటం కంటే పుస్తకం చదువుకోవడమే నయం.

ఫోన్, ఇంటర్నెట్ లేని ఇళ్ల కోసం టీవీ మార్గం ఉంది. 2020లో మొదలైన 'పీఎం ఈ-విద్య' కింద ఒక్కో తరగతికి ఒక్కో చానల్ చొప్పున 12 చానళ్లు వచ్చాయి. ప్రాంతీయ భాషల్లోనూ పాఠాలు ఇచ్చేందుకు వీటిని 200కు పెంచుతామని 2022 బడ్జెట్‌లో ప్రకటించారు. నెలవారీ చందా లేని డీడీ ఫ్రీ డిష్‌లో వీటిని చూడొచ్చు. తెలంగాణకు టీ-శాట్ విద్య, టీ-శాట్ నిపుణ అనే సొంత చానళ్లు ఉన్నాయి. కోవిడ్ సమయంలో 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ పిల్లలకు పాఠాలు అందింది టీ-శాట్, డీడీ యాదగిరి ద్వారానే.

ఇదంతా కొత్త సంగతని అనుకోనక్కర్లేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా 'సైట్' పేరుతో ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ సెట్లు ఇచ్చి, ఉదయం పూట బడిపిల్లలకు పాఠాలు ప్రసారం చేశారు. అందులో తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. అంటే మన బడుల్లో వీడియో పాఠం వయసు ఇప్పుడు యాభై ఏళ్లు.

తెర పెడితే చదువు వస్తుందా?

దీనికి మన పొరుగునే ఒక మంచి జవాబు దొరికింది. పాకిస్థాన్‌లోని పంజాబ్ రాష్ట్రంలో ప్రభుత్వ బడుల మీద జరిగిన ఒక అధ్యయనం 2022లో ప్రచురితమైంది. అక్కడ రెండు పద్ధతులు పరీక్షించారు. మొదటిది ఎనిమిదో తరగతిలో. గదిలో తెర పెట్టి, లెక్కలు, సైన్స్ పాఠాలకు చిన్న చిన్న వీడియోలను టీచర్ చేతికిచ్చారు. టీచర్ తన పాఠం మధ్యలో వాటిని వాడుకున్నారు. రెండోది ఆరో తరగతిలో. అలాంటి పాఠాలే నింపిన ట్యాబ్‌లను నేరుగా పిల్లలకు ఇచ్చారు.

నాలుగు నెలల్లోనే మొదటి పద్ధతిలో పిల్లల మార్కులు చెప్పుకోదగ్గ స్థాయిలో పెరిగాయి. ట్యాబ్‌లు ఇచ్చిన చోట మార్కులు పెరగకపోగా తగ్గాయి. టీచర్‌ను కలుపుకొన్న చోట టెక్నాలజీ పనిచేసింది. టీచర్‌ను పక్కనపెట్టిన చోట ఎదురుతిరిగింది.

పెరూలో 'పిల్లవాడికో ల్యాప్‌టాప్' పథకం మీద జరిగిన అధ్యయనంలోనూ లెక్కలు, భాషల్లో పిల్లల మార్కులు పెరగలేదని తేలింది. పరికరం చేతికొచ్చింది, చదువు అక్కడే ఉండిపోయింది.

మరి టెక్నాలజీ పిల్లలకు నేరుగా ఎక్కడా పనిచేయలేదా అంటే, పనిచేసింది. ఢిల్లీలో 'మైండ్‌స్పార్క్' అనే సాఫ్ట్‌వేర్‌తో నాలుగున్నర నెలల పాటు బడి తర్వాత చదివిన పిల్లలు లెక్కల్లో, హిందీలో బాగా ముందుకెళ్లారు. ఈ అధ్యయనం 2019లో ప్రచురితమైంది. కారణం తెర కాదు. ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కో బిడ్డ ఎక్కడున్నాడో కనిపెట్టి అక్కడి నుంచి ప్రశ్నలు ఇచ్చింది. అక్కడ ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. అలాంటి గదిలో నలభై మందికీ ఆరో తరగతి వీడియో ఒక్కటే వేస్తే, మూడో తరగతి దగ్గర ఆగిన పిల్లవాడికి అది బొమ్మల సినిమా అంతే. వాడు ఎక్కడ ఆగాడో తెలుసుకునే పని సాఫ్ట్‌వేర్ అయినా చేయాలి, టీచర్ అయినా చేయాలి. గోడ మీద టీవీ చేయలేదు.

మంచి వీడియో పాఠం ఎలా ఉంటుంది?

గుండె పాఠం తీసుకుందాం. పుస్తకంలో బొమ్మ ఉంటుంది. కర్ణికలు, జఠరికలు, కవాటాలు అని పేర్లు రాసి ఉంటాయి. ఆ బొమ్మ కదలదు. కవాటం ఒకవైపే ఎందుకు తెరుచుకుంటుందో, కర్ణిక ముడుచుకున్నప్పుడు జఠరిక ఏం చేస్తుందో కదిలే బొమ్మలో చూస్తేనే తెలుస్తుంది. వీడియో అవసరం ఇక్కడుంది.

అదే భిన్నాల కూడికకు వీడియో పెడితే? చూసినంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది. పలక మీదో నోట్సులోనో నాలుగు లెక్కలు చేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. చూడటం వేరు, చేయగలగడం వేరు. ఈత వీడియో చూసి చెరువులో దూకితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

మళ్లీ గుండె దగ్గరికి వద్దాం. 40 నిమిషాల పీరియడ్‌లో 6 నిమిషాల వీడియో చాలు. ఆన్‌లైన్ కోర్సుల్లో లక్షల వీక్షణలను పరిశీలించిన 2014 నాటి ఒక అధ్యయనం, వీడియో ఎంత పొడవున్నా జనం సాధారణంగా ఆరు నిమిషాలకు మించి చూడటం లేదని తేల్చింది. వాళ్లలో చాలామంది సొంత ఆసక్తితో చేరినవాళ్లు. పిల్లల ఓపిక అంతకంటే ఎక్కువ ఉంటుందని ఆశించలేం.

ఆ 6 నిమిషాల్లోనూ టీచర్ రెండు మూడు సార్లు ఆపాలి. కవాటం మూసుకునే చోట ఆపి, "ఇది సరిగా మూసుకోకపోతే రక్తం ఎటు పోతుంది?" అని అడగాలి. ముందు పిల్లలు ఊహించి చెప్పాలి, ఆ తర్వాతే వీడియో ముందుకెళ్లాలి. చివర్లో శబ్దం తీసేసి అదే వీడియో మళ్లీ వేసి, వ్యాఖ్యానం ఒక విద్యార్థితో చెప్పిస్తే ఎవరికి ఏం అర్థమైందో టీచర్‌కు ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. దీనికి ఖరీదైన ప్యానెల్ అక్కర్లేదు. ఆపే బటన్ ఉన్న ఏ తెరైనా సరిపోతుంది.

ఇలా చేయాలంటే టీచర్ ముందురోజే వీడియో చూసి ఉండాలి, ఎక్కడ ఆపాలో అనుకొని ఉండాలి. రకరకాల యాప్‌లలో హాజరు, ఫొటోలు ఎక్కించే పనులూ మోస్తున్న టీచర్‌కు ఆ సమయం మిగులుతోందా అన్నది వేరే ప్రశ్న. నా దృష్టిలో తెరల సంఖ్య కంటే ముందు అడగాల్సిన ప్రశ్న అదే.

పరికరం పాడైతే ఎవరు చూస్తారు?

యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం 2024-25లో దేశంలో 64.7 శాతం బడుల్లో కంప్యూటర్ సౌకర్యం, 63.5 శాతం బడుల్లో ఇంటర్నెట్ ఉన్నాయి. ఏడాది ముందు ఇవి 57.2, 53.9 శాతం. పెరుగుదల మంచిదే. అయినా మూడో వంతుకు పైగా బడులకు ఇంటర్నెట్ ఇంకా లేదు.

పరికరం కొనేది ఒక్కసారే, ఖర్చు మాత్రం ప్రతి నెలా ఉంటుంది. కరెంటు, ఇంటర్నెట్, చిన్న చిన్న మరమ్మతులు, బోధన సామగ్రి లాంటి వాటికి సమగ్ర శిక్ష కింద బడికి ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటే ఆధారం. పిల్లల సంఖ్యను బట్టి అది మారుతుంది. పెద్ద బడికైనా ఏడాదికి లక్ష రూపాయలే గరిష్ఠం. తెర మూలకు చేరితే హెడ్మాస్టర్‌ను నిందించే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

మీరు బడిలో ఏం అడగొచ్చు?

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తంలో సగం మంది మహిళలు కావాలి. ప్రభుత్వ బడుల్లో బడి అభివృద్ధి ప్రణాళిక తయారీ వాళ్ల పనే. "తెర ఉందా?" అని అడిగితే "ఉంది" అంటారు, మాట అక్కడితో అయిపోతుంది. కిందటి వారం ఏ పాఠానికి వాడారు, తర్వాత పిల్లలతో ఏం రాయించారు, చెడిపోతే ఎవరికి ఫిర్యాదు వెళుతుంది అని అడగండి.

పిల్లలు ప్రైవేటు బడిలో ఉంటే అక్కడి సమావేశంలోనూ ఇవే అడగొచ్చు. స్మార్ట్ క్లాస్ పేరుతో ఫీజు కడుతుంటే మరీను. తెర నడుస్తున్నప్పుడు టీచర్ గదిలో ఉంటున్నారా అన్నది మీ పిల్లల్నే అడగండి. వాళ్లు ఉన్నదున్నట్టు చెబుతారు.

ఇంట్లో మాటేమిటి?

గ్రామీణ ప్రాంతాల్లో జరిపిన అసర్ 2024 సర్వేలో 14-16 ఏళ్ల పిల్లల్లో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని తేలింది. వాళ్లలో అంతకు ముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి ఫోన్ వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. నగరంలో లెక్క ఇంకెలా ఉంటుందో మీ ఇంట్లో చూస్తే మీకే తెలుస్తుంది.

కాబట్టి ఫోన్ ఇచ్చి "పాఠం చూసుకో" అని వెళ్లిపోతే ఫలితం పాకిస్థాన్ ట్యాబ్‌ల లాగే ఉండొచ్చు. పక్కన పది నిమిషాలు కూర్చోండి. మీకు సైన్స్ రాకపోయినా పర్వాలేదు. మధ్యలో ఆపి "ఇప్పుడేం జరిగింది, నాకు చెప్పు" అంటే చాలు. దీక్షాలో పాఠాన్ని ముందే డౌన్‌లోడ్ చేసి, డేటా, వైఫై రెండూ ఆపేసి ఇస్తే మరో లాభం ఉంది. పాఠం అయిపోయాక తర్వాతి రీలు రాదు.