శిలలో నిలిచిన సరస్సు

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరమువద్ద ప్రాణహితానది గోదావరిలో కలియుచున్నది. ఆ సంగమమునకు ఎగువన, ప్రాణహిత ఆవలి ఒడ్డున, మహారాష్ట్రలో కోట అను పల్లె కలదు. అచటి సున్నపురాతి పొరలను విడదీసినచో కొన్నిటిలో పొలుసులతోసహా చేపల రూపములు కానవచ్చును. వానిలో లెపిడోటిస్ అను చేపను 1851లోనే శాస్త్రజ్ఞులు వర్ణించిరి. ఇవి కోట్లకొలది సంవత్సరములకు పూర్వపు జురాసిక్ యుగమునాటివి.

అచట సరస్సు ఉండెనని ఎట్లు తెలిసినది? చచ్చిన చేప పారు నీటిలో పడియున్నచో దాని పొలుసులు చెదరిపోవును. ఇచట అవి వరుస తప్పలేదు. కావున నీరు నిశ్చలమై యుండవలెను. మెత్తని సున్నపు బురద చేపను త్వరగా కప్పియుండవలెను. రొయ్యలకు దూరపు చుట్టములగు చిన్న ప్రాణుల జంట పెంకులును ఈ రాళ్లలో దొరకినవి. అట్టి ప్రాణులు నేడును లోతులేని మంచినీటి మడుగులలో పెరుగుచున్నవి.

ఈ ప్రాంతముననే బరపాసారస్ అను మహాకాయమగు డైనోసారు ఎముకలు లభించినవి. దానికి 1975లో ఆ పేరు పెట్టిరి. అది ఈ సరస్సులో నీరు త్రాగుచున్నట్లు ఊహించుట సులభము. కాని ఆ ఎముకలు సున్నపురాతికి దిగువనున్న పొరలలోనివి. దిగువ పొర ముందు ఏర్పడును. ఆ జంతువు గతించిన పిమ్మటనే ఈ చేపలు ఈదినవి.

శిలాజమును ఎంత భద్రముగా దాచినను, అది ఏ పొరలో దొరకినదో వ్రాసియుంచనిచో దాని సాక్ష్యము సగము నశించును. బాలలారా! రాతిలో చేప కనబడినచో పెకలింపకుడు. చోటును గుర్తించి పెద్దలకు తెలుపుడు.