అధివృక్క గ్రంథులును, వాని శక్తిని పరీక్షించు సూదిమందును



నేటి విషయము పేరు వినుటకు క్రొత్తగా నుండవచ్చును గాని, దీనితో మనకేమి పని యని రేడియో కట్టివేయవలదు. కీళ్లనొప్పికో, ఉబ్బసమునకో, ఒంటి దురదకో ఊరి వైద్యుడు పొట్లము కట్టి యిచ్చిన చిన్నమాత్రలను మ్రింగి, మఱునాటికే లేచి తిరిగినవారు మన గ్రామములలో పెక్కండ్రు గలరు. అందు నేనొకడను.

ఉద్యోగవిరమణానంతరము సంగారెడ్డి దాపున నొక పల్లెలో కాపురముండి, మోకాళ్లనొప్పికై యట్టి మాత్రలను రెండేండ్లు సేవించితిని. వాని పేరడుగలేదు, నొప్పి తగ్గినది గదా యని సంతసించితిని. ఒక వేసవిలో బంధువుల యింటి పెండ్లికి పోవుచు పొట్లమును ఇంట మఱచితిని. మూడవనాటికి వాంతులు పట్టుకొనెను. లేచి నిలువబోగా కన్నులు చీకట్లు క్రమ్మెను. వడదెబ్బ యని యందఱును మజ్జిగ త్రాగించిరి. తుదకు పటాన్‌చెరులోని యొక వైద్యశాలకు చేర్చగా, అచటి వైద్యుడు మొదట నడిగినది యిది: "పంతులుగారూ, ఇన్నాళ్లు ఏం మాత్రలు వాడినారు?" ముప్పదియైదేండ్లు పిల్లలను ప్రశ్నలడిగినవాడను, ఆ యొక్క ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతిని.

అవి స్టెరాయిడ్ మాత్రలు. వృక్కము లనగా మూత్రపిండములు. వానిపై నుండునవి గావున అధివృక్కములు. ఇంగ్లీషువారు అడ్రినల్ గ్రంథు లందురు. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాముల తూకమే యైనను, ఇవి స్రవించు కార్టిసాల్ అను రసము లేనిచో రక్తపుపోటు నిలువదు. జ్వరమునకు గాని, గాయమునకు గాని దేహము తట్టుకొనజాలదు. తలలో మెదడు క్రిందనున్న పీయూషగ్రంథి ఏసీటీహెచ్ అను హార్మోనును పంపి, వీనిచే పని చేయించుచుండును.

కీళ్లవాతమునకు కార్టిసోనును మొట్టమొదట 1948లో అమెరికాలో ప్రయోగించిరి. దానికి సంబంధించిన పరిశోధనలకై హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ అను మువ్వురకు 1950లో నోబెల్ బహుమాన మిచ్చిరి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ దాని జాతివే. ఇవి విషములు గావు. వైద్యుని యదుపులో ప్రాణము నిలుపు మందులు. చిక్కెచట నన, కూలివాడు రెండేండ్లు ఏతము త్రొక్కుచుండగా ఇంటి కుఱ్ఱవాడు త్రొక్కుట మఱచును. మాత్ర బయటినుండి వచ్చుచుండగా పీయూషగ్రంథి యాజ్ఞ పంపుట మానును. ఆజ్ఞ లేక అధివృక్కములు కృశించును. అపుడు మాత్ర హఠాత్తుగా మానిన యెడల నాకు కలిగిన గతియే కలుగును. మాత్రలు లేకయు ఈ గ్రంథులు చెడవచ్చును. 1855లో అడిసన్ అను ఆంగ్లవైద్యుడు వర్ణించిన వ్యాధి యట్టిది. దానికి క్షయ యొక ముఖ్యకారణము.

ఆ గ్రంథులు మరల పనికి వచ్చెనో లేదో యెట్లు తెలియును? పిలిచి చూడవలయును. సహజమైన ఏసీటీహెచ్ 39 అమైనో ఆమ్లముల గొలుసు. అందు మొదటి 24 చాలునని కనుగొని, రసాయనశాలలో కూర్చిన మందునకు టెట్రాకోసాక్టైడ్ అని పేరు. పెద్దలకు మామూలు మోతాదు 250 మైక్రోగ్రాములు, అనగా గ్రామును నాలుగువేల పాళ్లు చేసిన నందొక పాలు. ముందుగా రక్తము తీసి, మందును నరములోనో కండలోనో ఎక్కించి, అరగంటకును, తఱచుగా గంటకును మరల రక్తము తీసి కార్టిసాలును కొలుతురు. మునుపు డెసిలీటరునకు 18 మైక్రోగ్రాములు దాటిన చాలుననెడివారు. నేటి క్రొత్త యంత్రములలో ఆ హద్దు తక్కువ. కావున కాగితముమీది యంకెను చూచి మనమే తీర్పు చెప్పుకొనరాదు.

ఇక జాగ్రత్తలు. ఈ సూదిని ఇంటివద్ద గాని, ఊరి వైద్యునిచే గాని వేయించుకొనవలదు. అరుదుగానైనను కొందఱికి దద్దురులు లేచి ఊపిరి యాడక ప్రాణాపాయము కలుగవచ్చును. అపుడు అడ్రినలిన్ చేతిదాపున నుండవలయును. ఉబ్బసముగలవారును, మందు పడనివారును ఆ మాట ముందే చెప్పవలయును. పిమ్మట కొంతసేపు అచటనే కూర్చుండుట మేలు. ఇదే జాతిలో దీర్ఘకాలము పనిచేయు మందు వేఱొకటి గలదు. దాని వేళలు వేఱు గావున ఒకదానికి బదులొకటి వాడి, ఒకే లెక్క చూడరాదు. హైడ్రోకార్టిసోన్, ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఫలితమును తాఱుమాఱు చేయును. ఏ మాత్రను ఎన్నిగంటల ముందు ఆపవలెనో వైద్యుడే చెప్పవలయును. పరీక్ష యున్నదని మనంతట మనము మానినచో పరీక్షకంటె ముందే ప్రమాదము వచ్చును. స్త్రీలు గర్భనిరోధక మాత్రలు వాడుచున్న నదియు చెప్పవలసినదే. అన్నిటికంటె ముఖ్యము: రోగి కుప్పకూలి యున్నపుడు పరీక్షకై కాచుకొనరాదు. రక్తము తీసియుంచి, హైడ్రోకార్టిసోన్ సూది వెంటనే వేయుదురు. నాకు ప్రాణము పోసినది అదియే.

మన ప్రాంతమునకు ప్రత్యేకముగా నొకమాట. పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము, బొంతపల్లి వైపున మందుల కర్మాగారములు పెక్కు గలవు. మన పిల్లలు అందు పని చేయుచున్నారు. స్టెరాయిడ్లు తయారుచేయు కర్మాగారపు పనివారిలో, మాత్ర మ్రింగకయే, అధివృక్కములు మందగించిన సంగతి 1978లో ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటింపబడినది. ఎచటనైనను అట్టి పొడితో పనిచేయువాడు ముఖము ఉబ్బి, నీరసపడిన యెడల, చేయుపని యేదో వైద్యునికి చెప్పవలయును. చెప్పనిదే ఆయనకు తోచుట కష్టము.

మొదటి పరీక్షలో నా గ్రంథులు పలుకలేదు. మాత్రను కొంచెము కొంచెముగా తగ్గించుచు ఎనిమిది నెలలు గడిపితిని. రెండవమారు పలికినవి. నాటినుండి మాత్ర లేదు. మోకాలినొప్పి మాత్రము మరల వచ్చినది, కఱ్ఱ పట్టుకొని నడచుచున్నాను. "ఈతడు స్టెరాయిడ్ వాడినవాడు" అని వైద్యుడు వ్రాసియిచ్చిన చీటి అంగీజేబులో నున్నది. ఇంకను కొంతకాలము తీయవలదనిరి.