సొంత బ్లాగు - సకాల మరమ్మతు



నేడు నేను ప్రసంగింపబోవు విషయము పల్లెలలోని పెద్దలకు దూరపు సంగతివలె తోచవచ్చును. కాని మీలో అనేకుల యిండ్లలో కొడుకో, కూతురో, మనుమడో పట్టణముననో విదేశముననో యుండి, తీరిక వేళల ఇంటర్నెట్టులో వ్రాతలు వ్రాయుచుందురు. మీ వంశవృక్షము, మీ యూరి దేవాలయ చరిత్ర, మీ తల్లిగారు పాడిన పెండ్లిపాటలు, మీరు నోట చెప్పగా విని వారు వ్రాసికొన్న సంగతులు అందుండవచ్చును. అట్టి వ్రాతల చోటును బ్లాగు అందురు. అది తేదీల వరుసను వ్రాసికొను దినచర్య పుస్తకము వంటిది. అయితే దానిని లోకములో ఎవరైనను చదువవచ్చును. ఆ పుస్తకము చెడకుండ కాపాడుకొనుట యెట్లో చెప్పుటయే నేటి నా పని.

బ్లాగు కాగితముపై నుండదు. ఎక్కడనో యొక కంప్యూటరులో నుండును. వ్రాతలను దాచుట, అడిగినవారికి చూపుట, క్రొత్త వ్రాతను చేర్చుకొనుట, ఈ పనులన్నియు సాఫ్ట్‌వేర్ చేయును. సాఫ్ట్‌వేర్ అనగా, ఏ కోరిక వచ్చినప్పుడు ఏమి చేయవలయునో కంప్యూటరునకు వరుసగా వ్రాసియిచ్చిన ఆజ్ఞల కట్ట.

బ్లాగు పెట్టుకొనువారు రెండు తెగలు. గూగుల్ వారి బ్లాగర్ వంటి చోట వ్రాయువారు అద్దె యింట కాపురమున్న వారితో సమానము. కప్పు కారినను గోడ బీటవారినను బాగుచేయించుట యజమాని పని. తన గది తాళపుచెవిని జాగ్రత్తగా పెట్టుకొనుట మాత్రమే కాపురస్థుని పని. తమ పేర చోటు తీసికొని, సాఫ్ట్‌వేరును తామే నెలకొల్పుకొన్నవారు సొంత యింటివారు. వారికి స్వేచ్ఛ యెక్కువ. ఆ స్వేచ్ఛతోపాటు మరమ్మతు భారము కూడ వారిదే. నేటి ప్రసంగము ముఖ్యముగ ఈ రెండవ తెగవారిని గూర్చినది.

సొంత యింటివారిలో అనేకులు వాడునది వర్డ్‌ప్రెస్ అను సాఫ్ట్‌వేర్. అమెరికా దేశస్థుడగు మాట్ ములెన్‌వెగ్, ఇంగ్లండు దేశస్థుడగు మైక్ లిటిల్ కలిసి, అంతకుముందున్న బీ2 అను సాఫ్ట్‌వేరును ఆధారముగా గైకొని, 2003 మే నెలలో దీనిని వెలువరించిరి. దీనికి వెల లేదు. దీని యాజ్ఞలన్నియు బహిరంగముగా నుండును. ఎవరైనను చదువవచ్చును, తప్పు కనిపించినచో తెలుపవచ్చును. దీనిలోని మాటలను తెలుగులోనికి మార్చిన స్వచ్ఛంద సేవకులును గలరు. నేడు లోకములోని వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా దీనిపైననే నడచుచున్నవి.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. బండి యిరుసు తిరిగి తిరిగి అరుగును. తాటాకు కప్పు ఎండకు ఎండి, వానకు తడిసి చివుకును. సాఫ్ట్‌వేర్ అరుగదు, చివుకదు, త్రుప్పు పట్టదు. పది యేండ్ల క్రిందట వ్రాసిన యాజ్ఞ నేటికిని అక్షరము తప్పక అట్లే యుండును. అట్టి దానికి మరమ్మతేల?

నేనును చిరకాలము ఈ ప్రశ్ననే వేసికొని, మరమ్మతు అక్కరలేదని సమాధానపడి యుంటిని. అది పొరపాటు. సాఫ్ట్‌వేర్ మారకున్నను, దానినిగూర్చి లోకమునకు గల తెలివి మారును. ఒక యిల్లు కట్టిననాడే పెరటిగోడలో ఇటుక యొకటి వదులుగా నుండిపోయినదనుకొనుడు. ఎవరికిని తెలియనంతకాలము భయము లేదు. ఒకనాడు తాపీ మేస్త్రి దానిని కనుగొని, 'ఈ నమూనాలో కట్టిన యిండ్లన్నిటికిని పెరటిగోడలో ఈ యిటుక వదులు. వెంటనే సున్నము పెట్టుకొనుడు' అని దండోరా వేయించెను. ఆ దండోరా యింటివారు విందురు, దొంగలును విందురు. ఆనాడు సున్నము పెట్టినవాని యిల్లు మునుపటికంటె గట్టిది. పెట్టనివాని యిల్లు నిన్నటివలెనే యున్నను, నిన్నటికంటె ప్రమాదములో నున్నది. వానియింట ఏమియు మారలేదు. కాని వీధిలో అందరకు తెలిసిపోయినది.

దీనికి జరిగిన దృష్టాంతము చెప్పెదను. 2016 డిసెంబరులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 4.7వ కూర్పులో ఒక లోపము దొర్లినది. బ్లాగులోని ప్రతి వ్యాసమునకును ఒక సంఖ్య యుండును. వ్యాసమును మార్చవచ్చినవానికి అధికారము కలదా యని ముందుగా పరీక్షించి, పిమ్మటనే లోనికి పంపవలయును. అయితే సంఖ్య చివర ఒక యక్షరము తగిలించి యడిగినచో ఆ పరీక్ష తప్పిపోయెడిది. పూర్వపు కరణముగారి కచేరితో పోల్చి చూడుడు. వాకిట తలారి యున్నాడు. వచ్చినవాడు 123 అని చెప్పక, 123 చివర నొక యక్షరము చేర్చి చెప్పెను. అట్టి దస్త్రము పట్టికలో లేదు గనుక, లేనిదానికి కాపలా యేలయని తలారి విడిచిపెట్టెను. లోపలి గుమాస్తా యా చివరి యక్షరమును లెక్కపెట్టక, 123వ దస్త్రమును తీసి వాని చేతిలో పెట్టెను. ఎవరి పని వారు చేసితిమనియే యిద్దరును తలంచిరి. దస్త్రము మాత్రము పరుల పాలైనది.

సుకురి అను భద్రతా సంస్థవారు ఈ లోపమును కనిపెట్టి తెలుపగా, 2017 జనవరి 26వ తేదీన దానిని సవరించిన 4.7.2 కూర్పు వెలువడినది. నిర్వాహకులు ఈ యొక్క లోపము సంగతి మాత్రము అప్పుడు బయటపెట్టలేదు. వీలైనన్ని బ్లాగులకు సవరణ చేరుటకై కొన్ని దినములు ఆగి, ఫిబ్రవరి 1వ తేదీన వెల్లడించిరి. తమంతట తాము సవరణను గైకొను ఏర్పాటు గలవారు ఆ వ్యవధిలోనే క్షేమముగా గట్టెక్కిరి. ఆ యేర్పాటును ఆపివేసికొన్నవారును, రేపు చూతమని యూరకున్నవారును దొరికిపోయిరి. వెల్లడించిన కొలది దినములలోనే 15 లక్షలకు పైగా పుటలు చెరుపబడినవని భద్రతా పరిశోధకులు లెక్కవేసిరి. మందు సిద్ధమైన పిమ్మట వచ్చిన రోగమిది.

'మా యబ్బాయి వ్రాతలలో ధనమేమున్నది? దొంగ యెందులకు వచ్చును?' అని మీరడుగవచ్చును. దొంగ మనుష్యుడై స్వయముగా వచ్చినచో ఆ మాట నిజమే. కాని వచ్చునది యంత్రము. అది లక్షల తలుపులను వరుసగా తట్టుచు పోవును. ధనికుని తలుపా, పేదవాని తలుపా యని చూడదు. దానికి కావలసినది మీ ధనము కాదు, మీ పేరు. మంచివాని యింటి యరుగుమీద కూర్చుండి కల్తీ సరకు నమ్మించినట్లు, మీ బ్లాగు మాటున తన ప్రకటనలను పెట్టును. చదువవచ్చినవారిని మోసపు చోట్లకు మళ్లించును.

2009 సెప్టెంబరులో పాత కూర్పుల వర్డ్‌ప్రెస్ బ్లాగులను ఇట్టి పురుగొకటి పట్టినది. అది మొదట సామాన్య సభ్యునివలె పేరు నమోదు చేసికొనెడిది. పిదప ఒక లోపము ద్వారా తన్ను తానే యజమానిగా చేసికొని, సభ్యుల పట్టికలో తన పేరు కనబడకుండ దాచెడిది. తరువాత సద్దు చేయక, పాత వ్యాసములలో చెడ్డ లంకెలను చొప్పించెడిది. అప్పటి క్రొత్త కూర్పు 2.8.4 ఉంచుకొన్నవారిని ఆ పురుగు అంటలేదు.

ఇంత చెప్పుచున్న నాకు అనుభవము లేకపోలేదు. మా ప్రాంతపు చెఱువులు, తూములు, నీటి పంపకపు కట్టుబాట్లనుగూర్చి వృద్ధుల యొద్ద విన్నదానిని నేనొక బ్లాగులో వ్రాయుచుంటిని. క్రొత్త కూర్పు వచ్చినదని తెరపై ప్రకటన కనబడినప్పుడెల్ల, ఈ వారము కాదు, వచ్చే వారము అనుకొంటిని. అట్లు చాల నెలలు గడచినవి. ఒకనాడు దూరదేశముననున్న బంధువు ఫోను చేసి, 'బాబాయిగారూ, మీ చెఱువుల వ్యాసము తెరచిన మందుల దుకాణము వచ్చుచున్నదేమి?' అని యడిగెను. నాకు మాత్రము నా తెరపై వ్యాసమే కనబడుచుండెను. శుభ్రముచేయ పూనినప్పుడు, చెడినదేదో, మిగిలినదేదో తెలిసికొనుటకే పదిదినములు పట్టినది. నా యొద్దనున్న ప్రతి పాతది. దాని తరువాత వ్రాసిన పదునొకండు వ్యాసములు తిరిగి రాలేదు. వానిలో నాలుగు, ఒక వృద్ధ నీరుకట్టు చెప్పినవి. తిరిగి వ్రాసికొందమని వారి యూరికి పోతిని. అప్పటికి వారు గతించి ఆరు మాసములైనది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లయినది నా పని. ఒక మీట నొక్కుటకు బద్ధకించినందుకు నేను చెల్లించిన వెల యది.

క్రొత్త కూర్పు వేసికొనుటలోను ప్రమాదము గలదని కొంద ఱనెదరు. ఆ మాటలో నిజము లేకపోలేదు. 2007లో, వర్డ్‌ప్రెస్ కూర్పును పంచిపెట్టు కంప్యూటరులోనికే యొకడు జొరబడి, 2.1.1 కూర్పులో దొంగదారి పెట్టెను. నిర్వాహకులు దానిని కనుగొని, దాపరికము లేక ప్రకటించి, వెంటనే 2.1.2 కూర్పును విడుదల చేసిరి. అప్పుడును మేలుపొందినవారు ప్రకటన విని త్వరపడినవారే.

ప్లగిన్ల సంగతి వేరు. ఇవి బ్లాగునకు క్రొత్త సౌకర్యములను చేర్చు చిన్న సాఫ్ట్‌వేర్లు. ఒక్కొక్కదానిని ఒక్కొక్కరు చేయుదురు. డిస్‌ప్లే విడ్జెట్స్ అను ప్లగిన్‌ను సుమారు 2 లక్షల సైట్లు వాడుచుండగా, దానిని చేసినవారు 2017లో మఱియొకరికి అమ్మిరి. కొన్నవారు అందులో ప్రకటనలను దొంగతనముగా చొప్పించు ఆజ్ఞలను కలిపిరి. చివరకు వర్డ్‌ప్రెస్ వారు తమ భాండారమునుండి దానిని తొలగించిరి. ఇంటి గోడ గట్టిదైనను, పనికి పెట్టుకొన్నవారు ఎవరో తెలిసియుండవలెనని దీనివలన గ్రహింపవలయును. కావున ప్లగిన్లు ఎన్ని తక్కువైన అంత మేలు. వాడనిదానిని ఆపుట చాలదు, తీసివేయవలయును. చేసినవారు చాల కాలముగా పట్టించుకొనని దానిని ఉంచుకొనరాదు.

ఇక చేయవలసిన పనులను క్రమముగా చెప్పెదను.

మొదటిది, ప్రతి. దీనినే బ్యాకప్ అందురు. వ్రాతలకు, బొమ్మలకు పూర్తి ప్రతి తీసి, బ్లాగున్న కంప్యూటరులో గాక వేఱొకచోట దాచవలయును. ఇల్లును, దాని దస్తావేజులును ఒకే మంటలో కాలరాదు గదా. మఱియు ఆ ప్రతినుండి బ్లాగును తిరిగి నిలుపగలుగుదుమో లేదో ఏడాదికొకసారి పరీక్షింపవలయును. మొలకెత్తునో లేదో చూడక విత్తనము దాచుకొన్న రైతునకు తొలకరినాడు చింతయే మిగులును.

రెండవది, సవరణ. 2013 అక్టోబరులో వచ్చిన 3.7వ కూర్పునుండి, భద్రతకు సంబంధించిన చిన్న సవరణలను వర్డ్‌ప్రెస్ తనంతట తానే వేసికొనుచున్నది. ఆ యేర్పాటును ఆపరాదు. 2020 ఆగస్టులో వచ్చిన 5.5వ కూర్పునుండి ప్లగిన్లకును ఇట్టి యేర్పాటు కలదు. అయితే దానిని యజమాని స్వయముగా ఎంచుకొనవలయును. పెద్ద కూర్పులు వచ్చినప్పుడు, ముందు ప్రతి తీసి, ఆ తరువాత వేసికొనుడు. ఏదైన చెడినను ప్రతి యున్నది గనుక వెనుకకు మరలవచ్చును.

మూడవది, తాళపుచెవి. పాస్‌వర్డు పొడవుగా నుండవలయును. మఱియెక్కడను వాడనిదై యుండవలయును. 2013 ఏప్రిల్‌లో, 'అడ్మిన్' అను అందఱి యెఱుకలోని పేరు పెట్టుకొన్న బ్లాగులను యంత్రములు పట్టుకొని, ఊహించిన పాస్‌వర్డులను ఒకదాని వెంట నొకటి వేసి చూచినవి. పాస్‌వర్డుతోపాటు, ఫోనునకు వచ్చు సంఖ్యను కూడ అడుగునట్లు రెండవ గడియను పెట్టుకొన్న మఱింత మేలు.

పెద్దలారా, ఈ పనులను మీరు స్వయముగా చేయనక్కరలేదు. మీ సంతతివారు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలడుగుడు. 'మన వ్రాతలున్నది అద్దె యింటనా, సొంత యింటనా? కడపట సవరణ వేసినది యెప్పుడు? ప్రతి యెక్కడ నున్నది? దానిని తెరచి చూచితివా?' వారు తడబడినచో, మఱునాటికి వాయిదా వేయనీయక, మీ యెదుటనే ఆ పని చేయింపుడు.

మన పూర్వులు వేసవిలో చెఱువుగట్టును తిరిగిచూచి, ఎండ్రకాయ బొరియ కనబడిన అప్పుడే మూయించెడివారు. వాన మొదలైన పిమ్మట ఆ బొరియయే గండియగునని వారెఱుగుదురు. బ్లాగు విషయమునను అంతే. సవరణ వచ్చినదను ప్రకటనయే తొలకరి మేఘము. అది కనబడిన దినముననే గట్టు చూచుకొనుడు.